ముంజేతి వాచీకి బంగారమేల?

ఈ రోజుల్లో వాచీ టైము చూసుకోవడానికి పెట్టుకునే వస్తువు కాదు. ఎన్ని అడుగులు నడిచామో చెబుతుంది, రాత్రి ఎంతసేపు నిద్రపోయామో చెబుతుంది, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెబుతుంది. పోపు వేగుతూండగా ఫోను మోగితే, తడిచెయ్యి తుడుచుకోకుండానే ఎవరు పిలుస్తున్నారో చూపిస్తుంది. కాస్త ఎక్కువసేపు కుర్చీలో కూర్చున్నామా, 'లేవండి, నాలుగడుగులు వెయ్యండి' అని అత్తగారిలా పోరుతుంది. ఇన్ని పనుల మధ్యా, అడిగితే, టైము కూడా చెబుతుంది. స్మార్ట్ వాచీ అని దీనికి పేరు. తెలుగులో ఏమనాలో ఎవరూ ఇంకా తేల్చలేదు. 'తెలివైన గడియారం' అందామంటే ఇంట్లో వున్న మిగతా గడియారాలు చిన్నబుచ్చుకుంటాయేమో!

నాకు చిత్రంగా తోచేది దీని ధర. రెండు వేలకీ దొరుకుతుంది, ఇరవై వేలకీ దొరుకుతుంది, లక్ష దాటినదీ దొరుకుతుంది. చీరల్లో మాత్రం లేదూ ఆ తేడా అంటారేమో. వుంది. కాని చీర అయితే కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమినా ఏది పట్టో ఏది కాదో మనకి తెలిసిపోతుంది. వాచీ లోపల ఏముందో మనకెలా తెలియడం? కొట్టులో అడిగితే ఖరీదైనదే మంచిదంటారు. పిల్లల్ని అడిగితే నిన్న వచ్చినదే మంచిదంటారు. నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. ఏ సంగతైనా తేలకపోతే పూర్వం వాళ్ళేం చేశారో వెతకడం నాకు అలవాటు. వెతికితే తెలిసిందేమిటంటే, ఈ ప్రశ్న మన కాలంలో పుట్టింది కాదు. దీనికి నాలుగువందల యాభై ఏళ్ళు.

చేతికి గడియారం ముందుగా కట్టుకున్నది మగవాళ్ళు కాదు, ఆడవాళ్ళే. ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్‌కి ఆమె కొలువులోని లెస్టర్ ప్రభువు రాబర్ట్ డడ్లీ కొత్త సంవత్సరం కానుకగా ఒక చేతి ఆభరణం ఇచ్చాడు. అందులో చిన్న గడియారం పొదిగి వుంది. ఇది 1571-72 ప్రాంతపు మాట. ఆ తర్వాత నెపోలియన్ చెల్లెలు, నేపుల్స్ రాణి కరొలీన్ మ్యూరా, 1810లో పారిస్‌లోని బ్రెగే అనే గడియారాల నిపుణుడికి చేతికి కట్టుకునే గడియారం చేసిపెట్టమని పురమాయించింది. కోలగా, సన్నగా, గంటలు మోగించేదిగా చేసి, 1812లో ఇచ్చాడతను. దానికి పట్టీ దేనితో అల్లారనుకున్నారు? వెంట్రుకలతో! వెంట్రుకలూ బంగారు తీగా కలిపి పేనిన పట్టీ. ఆ వాచీ ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. బ్రెగే దుకాణం పద్దుల్లో మాత్రం దాని వర్ణన భద్రంగా వుంది.

మగవాళ్ళేమో గొలుసు కట్టిన గడియారాన్ని జేబులో వేసుకుని తిరిగేవారు. చేతికి కట్టుకోవడం గాజులు తొడుక్కోవడంలాంటిదని వాళ్ళ ఉద్దేశం. మొదటి ప్రపంచయుద్ధంలో, 1914 నుంచి 1918 దాకా, కందకాల్లో బురదలో నిలబడి, ఒక చేత తుపాకీ పట్టుకుని, జేబులోంచి గడియారం తియ్యడం ఎంత కష్టమో తెలిసివచ్చాక అందరూ చేతికే కట్టుకున్నారు. యుద్ధంనుంచి తిరిగొచ్చినవాళ్ళ చేతికి వుంది గనుక అది వీరుల లక్షణమైంది. అంతవరకూ మన నగ! నగ కాబట్టే దాని పైభాగానికి అంత బంగారమూ, రాళ్ళూ. ఈ ముక్క గుర్తుంచుకోండి. చేతి గడియారం పుట్టినప్పటినుంచీ దానికి రెండు ధరలు. లోపలి పనితనానికి ఒకటి, పైన వున్న బంగారానికి ఇంకొకటి. రెండూ కలిపి ఒకే అంకె వేసి చెబుతారు గాని, అవి వేరువేరు.

ఈ రెండు ధరలూ ఆకాశానికి అంటిన వాచీ కథ చెబుతాను. ఫ్రాన్సు రాణి మేరీ ఆంట్వానెట్ కోసమని 1783లో ఆమె కొలువులోని ఒక అధికారి ఇదే బ్రెగేకి పని అప్పగించాడట. షరతులు రెండే. అప్పటికి గడియారాల విద్యలో తెలిసిన విశేషాలన్నీ అందులో వుండాలి. ఎక్కడెక్కడ వీలైతే అక్కడల్లా మామూలు లోహం బదులు బంగారం వాడాలి. ఖర్చుకి హద్దు లేదు, గడువూ లేదు. తేదీ చెప్పాలి, లీపు సంవత్సరాన్ని తనంతట తనే గుర్తించాలి, చీకట్లో మీట నొక్కితే గంటా నిమిషమూ మోగించాలి, గదిలో వేడి ఎంతుందో చూపించాలి, కీ ఇవ్వకుండా మనిషి కదలికతోనే నడవాలి. 823 భాగాలు! ఇప్పుడు చెప్పండి, స్మార్ట్ వాచీ అంటే అది కాదూ?

రాణి దాన్ని చూడనే లేదు. 1793లో ఆమె తల నరికేశారు. బ్రెగే 1823లో పోయాడు. వాచీ పూర్తయింది 1827లో, అతని కొడుకు హయాంలో. యజమానురాలు పోయిన 34 ఏళ్ళకి! అయినా దాని కథ అంతటితో ఆగలేదు. చేతులు మారి మారి జెరూసలేంలోని ఒక మ్యూజియానికి చేరింది. 1983లో దొంగలు దాన్ని ఎత్తుకుపోయారు. ఇరవై ఏళ్ళు దాటాక మళ్ళీ దొరికింది. పూర్తయి రెండువందల ఏళ్ళవుతున్నా అది ఇంకా వాచీయే. చక్రమూ స్ప్రింగూ తెలిసిన నిపుణుడి చేతిలో పెడితే దాని ప్రతి భాగమూ అర్థమవుతుంది. ఏ పన్ను అరిగితే ఆ పన్ను మళ్ళీ చెక్కుకోవచ్చు. అంచేత లోపలి పనితనం బతికినంతకాలం పైన బంగారానికీ ఒక అర్థముంది. అల్పాయుష్షు వస్తువుకి బంగారపు తొడుగు వెయ్యలేదు బ్రెగే.

అతనే ఇంకో రకం వాచీలు చేశాడు. తాకి తెలుసుకునేవి. సభలో కూర్చుని గడియారం చూస్తే పెద్దవాళ్ళకి కోపాలొస్తాయి కదా. అందుకని మూతమీద ఒక బాణం, చుట్టూ గంటలకి గుర్తులు వుంటాయి. వేలితో తడుముకుంటే టైము తెలిసిపోతుంది. నెపోలియన్ భార్య జోసెఫిన్‌కి ఇలాంటిదొకటి వుండేది. నీలపు మీనాకారీ పని మీద వజ్రాల బాణం. ఇప్పటి వాచీ మణికట్టుమీద చిన్నగా తట్టి కబురు చెబుతుంటే పిల్లలు మురిసిపోతుంటారు. జోసెఫిన్ నవ్వుకుంటుంది కాబోలు.

ఇక బంగారం అక్కర్లేదన్న వాళ్ళ సంగతి. నాకు ఈ మొత్తం చరిత్రలో అందరికంటే నచ్చిన మనిషి రాణీ కాదు, ప్రభువూ కాదు. లండన్‌లో టైము అమ్ముకుని బతికిన ఒక సామాన్య స్త్రీ. పేరు రూత్ బెల్‌విల్. టైము అమ్మడమేమిటంటారా? గ్రీన్‌విచ్‌లో ఖగోళ పరిశోధనాలయం వుందిగా. నక్షత్రాలు చూసి సరైన టైము లెక్కకట్టేవారు అక్కడ. లండన్‌లోని గడియారాల దుకాణాలవాళ్ళకి ఆ టైము కావాలి, కాని రోజూ అంతదూరం పోలేరు. రూత్ తండ్రి ఆ పరిశోధనాలయంలోనే పనిచేసేవాడు. 1836లో ఆయన ఒక ఏర్పాటు చేశాడు. తన దగ్గరున్న మంచి గడియారాన్ని గ్రీన్‌విచ్ టైముతో సరిచూసుకుని, దుకాణం దుకాణానికీ తిప్పి చూపించడం. చందా కట్టినవాళ్ళు దాన్ని చూసి తమవి సరిచేసుకుంటారు. ఆయన 1856లో పోతే భార్య మరియా ఆ పని అందుకుంది. ఒకటా రెండా, 1892 దాకా 36 ఏళ్ళు ఆవిడే నడిపింది. ఆ తర్వాత కూతురు రూత్. వారం వారం గ్రీన్‌విచ్ కొండెక్కి, గడియారం సరిచూయించుకుని, ఎన్ని సెకండ్ల తేడా వుందో రాయించుకున్న కాగితం తీసుకుని, లండన్ వీధుల్లో నడుచుకుంటూ పోయేది.

తంతి ద్వారా టైము వచ్చింది, 1924లో రేడియోలో టైము గంటలు వచ్చాయి, 1936లో టెలిఫోనులో టైము చెప్పే ఏర్పాటూ వచ్చింది. అయినా ఈవిడ ఖాతాదారులు ఈవిడకి వున్నారు. 1940లో, 86వ ఏట, యుద్ధం రోజుల్లో మానేసింది. పోల్చుకోండి, మన ఇళ్ళలో 60 ఏళ్ళకే 'ఇంక మీరు కూర్చోండమ్మా' అనేస్తారు!

ఇంత చెప్పడం దేనికంటే ఆ గడియారం కోసం. దాన్ని చేసింది జాన్ ఆర్నల్డ్ అనే పేరుమోసిన పనివాడు. తల్లీకూతుళ్ళు దాన్ని 'ఆర్నల్డ్' అనే పిలిచేవారు, ఇంట్లో మనిషిని పిలిచినట్టు. మొదట అది ఒక రాకుమారుడి కోసం చేసినది గనుక బంగారపు తొడుగుతో వుండేది. రూత్ తండ్రి దానికి ఆ తొడుగు తీయించి వెండిది వేయించాడు. దొంగల భయం! వీధుల్లో తిరిగే గడియారానికి బంగారమెందుకు? తొడుగు మారితే చందాదారులకేం? వాళ్ళు కొనుక్కున్నది తొడుగుని కాదు, ఆ వారం గ్రీన్‌విచ్‌లో సరిచూసిన టైముని.

ఇప్పటి స్మార్ట్ వాచీ కూడా చేసేది ఇదే. టైము దాని సొంతం కాదు. ఫోను నుంచో, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలనుంచో అరువు తెచ్చుకుంటుంది. రెండు వేల వాచీకీ, రెండు లక్షల వాచీకీ వచ్చే టైము ఒక్కటే. పైన బంగారముంది కదా అని ఉపగ్రహం దానికి ఇంకాస్త మంచి టైము పంపదు.

తొడుగుల మాట సరే, లోపలి కొత్తదనానికైనా ఎక్కువ ధర ఇవ్వొచ్చుగా అంటారా? దానికీ ఒక కథ వుంది, ఇది మన జీవితకాలానికి దగ్గరది. 1969 డిసెంబరు 25న జపానులో సీకో కంపెనీవారు ఆస్ట్రాన్ అనే వాచీ విడుదల చేశారు. చేతికి కట్టుకునే వాచీల్లో స్ఫటికంతో, అంటే క్వార్ట్జ్‌తో నడిచేది అమ్మకానికి రావడం అదే మొదలు. నెలకి 5 సెకండ్లు మించి తేడా రాదు. బంగారపు తొడుగు. ధర నాలుగు లక్షల యాభైవేల యెన్‌లు. ఆ డబ్బుకి అప్పుడు జపానులో ఒక కారు వచ్చేది! మూడేళ్ళు తిరక్కుండా 1972లో అమెరికాలో హామిల్టన్ కంపెనీ పల్సర్ అనే వాచీ తెచ్చింది. దానికి ముళ్ళే వుండవు. మీట నొక్కితే నల్లటి అద్దంలో ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ఎప్పుడూ వెలుగుతూ వుంటే బ్యాటరీ ఒక్కరోజులో చచ్చిపోతుందని అలా చేశారు. అంటే టైము చూడాలంటే రెండు చేతులూ కావాలి! ఒక చేతిలో పాలగిన్నె వుంటే అంతే సంగతులు. దానికీ 18 కారట్ల బంగారమే. ధర 2,100 డాలర్లు. అప్పట్లో అమెరికాలో చిన్న కారు ఖరీదు.

కలవాళ్ళు కొన్నారు, మురిసిపోయారు. నాలుగేళ్ళు గడిచాయి. 1976లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే కంపెనీ, అవే ఎర్రటి అంకెలు, అదే మీట, ప్లాస్టిక్ తొడుగులో పెట్టి 20 డాలర్లకి అమ్మింది. మర్నాడు సంవత్సరం 10 డాలర్లు. కారు కొనే డబ్బు పెట్టి కొన్న వింత నాలుగైదేళ్ళలో బడిపిల్లల చేతికి వచ్చేసింది. ఆ ధాటికి స్విట్జర్లండ్‌లో వాచీల పనివాళ్ళు 1970లో సుమారు 90 వేలమంది వుండగా, 1980ల నడిమికి 30 వేల పైచిలుకుకి దిగిపోయారు. ఆ కుటుంబాల గోడు వేరే రాయాలి. ఇక్కడ నాకు కావలసినది ఒక్క ముక్క. చక్రాల విద్య ముదిరేకొద్దీ విలువ పెరుగుతుంది. విద్యుత్తు విద్య ముదిరేకొద్దీ చవకవుతుంది. ముందు కొన్నవాడు తరువాత కొనేవాడి ఖర్చు భరిస్తాడన్నమాట.

మనవాళ్ళ సంగతి చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో వాచీ అంటే స్విస్ వాచీయే. 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ సాయంతో వాచీలు చెయ్యడం మొదలుపెట్టారు. అక్కడినుంచి మధ్యతరగతి ఇంట ఉద్యోగస్తుడి చేతికి ఒక వాచీ వచ్చింది. పొద్దున్నే మొహం కడుక్కోగానే కీ ఇవ్వడం ఆ ఇంటాయన దినచర్యలో భాగం. పిల్లలు ముట్టుకోవడానికి వీల్లేదు. 1980లలో మన హైదరాబాదు ఆల్విన్ వారు కూడా ఆ సీకో కంపెనీ సాంకేతిక సహకారంతోనే వాచీలు చేశారు. 1987లో టైటాన్ వచ్చి వాచీకి మళ్ళీ నగ సోకు నేర్పింది. హెచ్.ఎం.టి. వారి వాచీల తయారీ 2016లో మూతపడింది. వాటికి కీ ఇచ్చుకుంటూ, ఎక్కడో మూల కూర్చుని రిపేర్లు చేసే ముసలాయన్ని వెతుక్కుంటూ, ఇప్పటికీ పెట్టుకునేవాళ్ళు వున్నారు.

1961 అన్నాను కదూ. ఆ ఏడాదే మన దేశంలో వరకట్న నిషేధ చట్టమూ వచ్చింది. మన గడ్డమీద వాచీలు తయారవడం మొదలైందీ, కట్నం నేరమైందీ ఒకే సంవత్సరం! కట్నం నేరమైంది గాని వాచీ మాత్రం నేరం కాలేదు. అది 'లాంఛనం' అయి కూర్చుంది. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో. తరవాత వాచీ, స్కూటరు, టీవీ. మిగతావి మారాయి గాని వాచీ మారలేదు. అలిగిన అల్లుళ్ళ కథల్లో సగం వాచీ చుట్టూ తిరిగేవే. పీటలమీద కూర్చున్నవాడికి మణికట్టు ఖాళీగా వుంటే పిల్ల తండ్రికి నిద్ర పట్టేది కాదు.

ఇదంతా ఇప్పుడు రాయాలనిపించడానికి కారణం మా చెల్లెలే. రాజమండ్రిలో వుంటుంది. కూతురికి మాఘంలో పెళ్ళి. ఒకరోజు ఫోను చేసి, "అక్కయ్యా, వాచీ లక్షా నలభై వేలు వుంటుందా ఎక్కడైనా?" అంది.

"ఎందుకుండదూ, కోటి రూపాయలదీ వుంటుంది. నీకెందుకూ?" అన్నాను.

వియ్యపురాలు వచ్చినప్పుడు మాటల్లో అందిట: "మేమేమీ అడగం వదినగారూ. మీ అమ్మాయికీ అల్లుడికీ మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం. మావాడికి మాత్రం చిన్నప్పటినుంచీ వాచీల సరదా. పెట్టేదేదో ఆ రకం స్మార్ట్ వాచీ అయితే సంతోషిస్తాడు." అడగం అంటూ రకం కూడా చెప్పి వెళ్ళడంలో ఒక నేర్పు వుంది సుమండీ! మా మరిదిగారు రిటైరయి రెండేళ్ళయింది. బ్యాంకులో వేసుకున్న డబ్బుమీద వచ్చే వడ్డీతో ఇల్లు గడుస్తోంది. అసలులో చెయ్యి పెట్టాలి.

"మన నాన్నగారు మీ బావగారికి పెట్టిన వాచీ ఇరవై ఏళ్ళు నడిచిందే. ఇదీ అలా వుంటుందేమో. వుంటుందంటే పోనీలే పెడతాం" అంది చెల్లెలు.

అదే కదా అసలు ప్రశ్న! వుంటుందా?

దీనికి జవాబు కోసం మేరీ ఆంట్వానెట్ దాకా పోనక్కర్లేదు. 2015 దాకా పోతే చాలు. ఆ ఏడు ఏప్రిల్ 24న ఆపిల్ కంపెనీవారి మొదటి స్మార్ట్ వాచీ బజారులోకి వచ్చింది. మామూలు రకం 349 డాలర్లు. అదే వాచీ 18 కారట్ల బంగారంలో అయితే 10,000 నుంచి 17,000 డాలర్లు. సినీతారలూ, గాయకులూ పెట్టుకున్న ఫోటోలు ప్రపంచమంతా వచ్చాయి. లోపల యంత్రం? ఒక్కటే. 349 డాలర్ల వాచీలో ఏ యంత్రం వుందో 17,000 డాలర్లదానిలోనూ అదే. బంగారపు దానిమీద అద్దం కాస్త మేలురకం. అంతే.

మర్నాడు సంవత్సరం, 2016 సెప్టెంబరులో, ఆ బంగారపు రకం చెయ్యడం మానేశారు. 2018లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ ఆ మొదటి వాచీలకి ఎక్కదన్నారు. 2023లో వాటిని పాతసామాను జాబితాలో చేర్చారు. అంటే ఇకమీదట కంపెనీ రిపేరు చెయ్యదు, విడిభాగాలు ఇవ్వదు. 17,000 డాలర్ల వాచీ ఎనిమిదేళ్ళకి తలుపు చూపించుకుంది, 349 డాలర్ల దానితోపాటే. ఆ విషయంలో మాత్రం కంపెనీ పక్షపాతం చూపించలేదు! బంగారం బంగారంగానే వుంది. కరిగిస్తే ఏదో వస్తుంది. దాని గర్భంలో వున్న బుల్లి యంత్రమే వయసైపోయింది. మూడురోజుల పెళ్ళి పందిరికి టేకు స్తంభాలు నాటినట్టు కాలేదూ?

ఇంతకంటే ముచ్చటైన సంగతి ఇంకొకటుంది. స్విట్జర్లండ్‌లో టాగ్ హాయర్ అనే పాత కంపెనీ వుంది. అదే 2015 నవంబరులో వాళ్ళు కూడా 1,500 డాలర్లకి ఒక స్మార్ట్ వాచీ తెచ్చారు. దానితోపాటు ఒక ఏర్పాటు పెట్టారు. రెండేళ్ళు గడిచాక ఈ వాచీ తెచ్చి ఇచ్చి, పైన ఇంకో 1,500 డాలర్లు కడితే, చక్రాలతో నడిచే అసలుసిసలు గడియారం ఇస్తామన్నారు. ఏమాట కామాటే, నిజాయితీ వుంది అందులో. వాచీలు చెయ్యడంలో నూటయాభై ఏళ్ళ అనుభవమున్నవాళ్ళు, తాము అమ్మే వస్తువు ఎన్నాళ్ళు నిలిచేదో తమ నోటితోనే చెప్పినట్టయింది.

ఎందుకింత అల్పాయుష్షు అంటే, దీని ప్రాణం మూడుచోట్ల వుంది. మాంత్రికుడి ప్రాణం చిలకలో వున్నట్టు! ఒకటి బ్యాటరీలో. రోజూ చార్జింగు పెట్టగా పెట్టగా మూడు నాలుగేళ్ళకి దానికి నీరసం వస్తుంది. రెండోది కంపెనీ పంపే సాఫ్ట్‌వేర్‌లో. అది ఆగితే వాచీ మెల్లిగా మొద్దుబారుతుంది. మూడోది మన ఫోనులో. ఫోను మార్చి వేరే కంపెనీది కొంటే కొన్ని వాచీలు దానితో అసలు మాట్లాడవు. ఈ మూడింటిలో ఒక్కటీ వాచీ రిపేరు చేసేవాడి చేతిలో లేదు.

అలాగని ఎక్కువ ధర అంతా దండగ అనడానికి నాకు నోరు రాదు. నాలుగు వేలదానికీ నలభై వేలదానికీ లోపల తేడా వుంటుంది. గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే పద్ధతి రెండింటిలోనూ ఒకటే. అడుగున పచ్చటి దీపం వెలుగుతుంది. రక్తం ఆ పచ్చటి వెలుగుని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పొంగుతుంది గనుక తిరిగివచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెడతారు. కాని మంచి రకాల్లో ఇంకా కొన్ని వుంటాయి. వేలు ఆనిస్తే గుండె లయ గీసి చూపించే ఇ.సి.జి., మనిషి కింద పడిపోతే గుర్తించి ఇంట్లోవాళ్ళకి కబురు పంపే ఏర్పాటు. ఈ రెండూ ఆపిల్ వారి వాచీలో 2018లో వచ్చాయి. డాక్టరుకి బదులు కాదు గాని, ఒంటరిగా వుండే పెద్దవాళ్ళకి ఇవి పనికొస్తాయి. వాటికోసం పదో ఇరవయ్యో వేలు ఎక్కువ పెడితే నేను కాదనను. అది రూత్ బెల్‌విల్‌కి చందా కట్టినట్టే. నా అభ్యంతరమల్లా ఆ పైన వేసే అంకెకి. యంత్రం అదే వుండి, తొడుగూ పట్టీ పేరూ మారి, ధర మూడింతలయ్యే చోట. అక్కడ మనం కొనేది గడియారం కాదు, నగ. నగే కొనుక్కోవాలంటే కంసాలి కొట్టు వుంది. అక్కడ తూకం వుంటుంది, మళ్ళీ మార్చుకునే వీలుంటుంది. తన సంపాదనతో తన సరదాకి లక్ష పెట్టుకునేవాళ్ళని చూసి నేను ముక్కున వేలేసుకోను. సరదాకి లెక్కలేమిటి! కాని రిటైరైన తండ్రి దాచుకున్న డబ్బుతో ఇంకొకళ్ళ సరదా తీరాలంటే మాత్రం లెక్క అడగాల్సిందే.

ఇదంతా చెల్లెలికి ఫోనులో చెప్పాను. నవలల్లో అయితే ఆవిడ వెంటనే ధైర్యం తెచ్చుకుని వియ్యపురాలికి సమాధానం చెప్పాలి. మా చెల్లెలు, "నువ్వు చెప్పింది బాగానే వుంది గాని అక్కయ్యా, పెళ్ళయ్యాక పిల్లని ఒక మాటంటే?" అంది. మేరీ ఆంట్వానెట్ దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఆ పక్కనే వున్న మా అమ్మాయి, అదే పెళ్ళికూతురు, ఫోను లాక్కుంది. కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. "పెద్దమ్మా, మీరు చరిత్రంతా తవ్వక్కర్లేదు. నా చేతికున్నది ఆరువేలది. మూడేళ్ళయింది. నా గుండె దీనికి బాగానే వినిపిస్తోంది" అని నవ్వింది. తరవాత, "ఇంతకీ ఈ వాచీ అడిగింది ఆయనా, అత్తయ్యగారా? ఎవరైనా కనుక్కున్నారా?" అంది. ఎవరూ కనుక్కోలేదు.

అది తనే కనుక్కుంది. ఆ సాయంత్రమే పెళ్ళికొడుక్కి ఫోను చేసి అరగంట మాట్లాడిందట. ఏం మాట్లాడుకున్నారో తల్లికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. మొన్న పనిమీద రాజమండ్రి వెళ్ళినప్పుడు మా మరిదిగారు లాంఛనాల జాబితా కాగితం తీసి నాచేత ఇంకోసారి చదివించారు. వెండి చెంబు, పట్టుపంచెలు, ఉంగరం వరసగా వున్నాయి. వాచీ అన్న చోట మాత్రం అడ్డంగా గీత కొట్టి వుంది, ఎర్రసిరాతో.